టోపీల డాక్టరమ్మ

కిందటి నెల మా పక్క వాటాలో ఉండే అమ్మాయి స్కూటరు మీంచి పడింది. పక్కటెముకలు విరిగాయి. స్కాన్ రిపోర్టు పట్టుకుని వాళ్ళాయన నా దగ్గరికి వచ్చాడు. నేను రిటైరై చాలా ఏళ్ళయినా, ఈ బిల్డింగులో ఎవరికి ఏ వైద్యం కాగితం వచ్చినా ముందు నా తలుపే తడతారు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. కాలేయం బాగుంది, ప్లీహం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి. చివర ఒక్క లైను: కుడివైపు అడ్రినల్ గ్రంథిలో కొద్దిగా రక్తం చేరింది.

"దానికేం కంగారు లేదట ఆంటీ. రెండోవైపుది బాగానే ఉందట. దానంతట అదే తగ్గిపోతుందని స్కాన్ తీసిన డాక్టరు చెప్పాడు" అన్నాడు.

"నిజమే, కంగారు లేదు" అన్నాను.

అతను వెళ్ళిపోయినా ఆ లైను నన్ను వదల్లేదు. బతికున్న మనిషి ఒంట్లో ఆ లైను చదవగలిగితే చాలని ఏళ్ళ తరబడి తపించిన ఒకావిడ నాకు తెలుసు. ఆవిడ చూసిన గ్రంథులన్నీ పోయినవాళ్ళవే.

ఆవిడ పోయారని నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. విజయనగరంలో చెల్లెలి కూతురింట్లో పోయారు. "ఏమయింది?" అని ఫోన్లో అడిగితే, "పెద్దవయసు కదండీ, అలా పోయారు" అంది ఆ అమ్మాయి. ఆ జవాబు ఆవిడ చెవిన పడి ఉంటే ఊరుకునేవారు కాదు.

నేను జంషెడ్‌పూర్‌లోనే పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. రాంచీలో డాక్టరు చదువు ముగించి, డెబ్భైల చివర్లో మా ఊళ్ళోనే ఒక పెద్ద ఆస్పత్రిలో సర్జరీ వార్డులో చేరాను. ఆవిడ అక్కడ పాథాలజిస్టు. అంటే మైక్రోస్కోపు కింద ముక్కలు చూసి జబ్బు చెప్పడం, శవపరీక్షలు చేయడం ఆవిడ పని. పొట్టి మనిషి. నేతచీర మడమల పైకి కట్టేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఫార్మలిన్ తగిలి తగిలి వేళ్ళ చివర్లు ఎండు ఖర్జూరాల్లా ముడతలు పడి ఉండేవి. అందుకని నలుగురిలోకి వచ్చినప్పుడు చేతులు కొంగు కింద దాచుకునేవారు.

పెళ్ళి చేసుకోలేదు. మా తెలుగువాళ్ళ పేరంటాలకి ఆవిణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు, శవాల్ని కోసిన చేతికి పసుపూ కుంకుమా ఎలా ఇస్తామని. మా అమ్మ కూడా మొదట్లో నేను శవాల గదికి వెళ్ళొస్తే పెరట్లో కుళాయి దగ్గరే ఆపేసేది. "ఆ గదిలోకెల్లొచ్చినావా? తలారా నీల్లోసుకుని అప్పుడు రా లోపలికి" అనేది. తర్వాత ఒక శ్రావణ శుక్రవారం ఏమనిపించిందో, తనే ఆవిణ్ణి భోజనానికి రమ్మని కబురు పెట్టింది. ఆవిడ వచ్చారు. గుమ్మానికి దగ్గరగా కూర్చుని, విస్తట్లో వడ్డించాక నెమ్మదిగా చెంచా అడిగారు.

"సెంచా ఏటమ్మా? మా ఇంట్లో అందరూ సేత్తోనే తింతారు" అంది అమ్మ.

ఆవిడ కొంగు కిందనుంచి చెయ్యి బయటికి తీశారు. ఆ రోజు తిన్నంత తృప్తిగా ఆవిడ తినడం నేను మళ్ళీ చూడలేదు.

శవాలతో మాట్లాడేవారు. బల్ల దగ్గరికి రాగానే ముందు మొహం మీది బట్ట సరిచేసి, "కాస్త ఓర్చుకో నాయినా, అయిపోతాది" అనేవారు. ఆ గదిలో పనిచేసే బిహారీ అటెండెంట్‌కి తెలుగులో ఆ ఒక్క ముక్కే వచ్చు. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు ఆవిడ బదులు అతను అనేవాడు.

ప్రమాదాల్లో దెబ్బలు తిని వచ్చి, ఆపరేషన్ తట్టుకుని, ఇక కోలుకుంటున్నాడు అనుకునేసరికి హఠాత్తుగా పోయేవాళ్ళు మా వార్డులో ఉండేవారు. రక్తపోటు పడిపోతుంది, ఎంత సెలైన్ పెట్టినా, రక్తం ఎక్కించినా లేవదు. వాళ్ళ కాగితాల మీద మేం 'షాక్' అని రాసి కిందికి పంపేవాళ్ళం. ఆవిడ ఆ కాగితం చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు.

"ఎందుకు పోయాడమ్మాయ్?"

"షాక్, మేడమ్."

"షాక్ అంటే పోయాడనే అర్థం. నేనడిగింది ఎందుకు పోయాడని."

అలాంటి చావుల్లో ఆవిడ వెతికేది ఒక్కచోటే. మూత్రపిండాల నెత్తిన చిన్న టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. అవే అడ్రినల్ గ్రంథులు. రెండూ కలిపి తూచినా తులం ఉండవు. కోసి చూస్తే మామిడిపండు గుజ్జులా పచ్చగా ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడూ, జ్వరం వచ్చినప్పుడూ మనిషిని నిలబెట్టే రసాలు వాటిలోంచే వస్తాయి. ఎంతో లోపల, వెన్నెముక పక్కన, కొవ్వులో ఒదిగి ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ తగలదనే అందరూ అనుకునేవారు. ఆవిడ అనుకోలేదు. పొట్టకో నడుముకో పైకి గాయం కనపడని మొద్దుదెబ్బ తగిలి పోయినవాళ్ళలో ఆ గ్రంథుల్ని ఓపిగ్గా తీసి చూసేవారు. కొందరిలో ఒకవైపుది, ఎక్కువగా కుడివైపుది, నెత్తురు నిండి నేరేడుపండులా నల్లబడి ఉండేది. ఒకటి పాడైనా మనిషి బతుకుతాడు. రెండూ పాడైతే? ఆ సంగతి ఎవరికీ తెలియక మనం షాక్ అని రాసి పంపేసినవాళ్ళు ఎంతమంది? ఇదీ ఆవిడ పరిశోధన. అప్పట్లో మా ఊళ్ళో పొట్ట లోపలికి చూసే స్కాన్ లేదు. మామూలు ఎక్స్‌రేలో ఆ దెబ్బ కనపడదు. చూడాలంటే మనిషి పోవాల్సిందే.

వార్డులో తెలుగు ఆయాలు ఆవిడకి 'టోపీల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. మా చీఫ్ సర్జన్, ఒక బెంగాలీ పెద్దాయన, ఆ పేరు తెలుసుకుని, "ఎప్పుడో ఒకరోజు మనందరికీ టోపీ పెడుతుంది" అని నవ్వేవారు.

ఆవిడకి ఇంకొక అలవాటుండేది. ప్రమాదంలో పోయినవాళ్ళకి పోలీసుల తరఫున పరీక్ష ఎలాగూ జరుగుతుంది. దాంట్లో పాల్గొనడానికి ఆవిడకి అనుమతి ఉంది. ఇంటివాళ్ళని అడగాల్సిన పని లేదు. అయినా అడక్కుండా ఒక్క ముక్క కూడా ఉంచుకునేవారు కాదు. శవాల గది వరండాలో వాళ్ళ పక్కన నేల మీద కూర్చుని, వాళ్ళు ఏడ్చినంతసేపు ఆగి అడిగేవారు. చాలామంది తిట్టేవారు. తిట్టించుకుని లేచి వచ్చేసేవారు.

అసిరయ్య సంగతి చెప్పాలి. గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. క్రేన్‌కి వేలాడే ఇనుప దూలం ఊగి వచ్చి అతణ్ణి గోడకి అదిమేసింది. మా చీఫ్ పొట్ట తెరిచి, చిరిగిన కాలేయం కుట్టారు. చక్కగా కోలుకున్నాడు. మూడో రోజు టీ అడిగి తాగాడు. "డాక్టరమ్మా, ఇంత మెత్తటి పరుపు మీద నా పెల్లినాడు కూడా తొంగోనేదు" అని నన్ను నవ్వించాడు. మర్నాడు వాంతులు మొదలయ్యాయి. చెయ్యి ఎత్తలేనంత నీరసం. జ్వరం. రక్తపోటు దిగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. ఆ పై మధ్యాహ్నానికి పోయాడు. నేను షాక్ అని రాశాను.

అతని భార్య పైడమ్మకి పాతికేళ్ళు కూడా ఉండవు. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. మేడమ్ వెళ్ళి పక్కన కూర్చున్నారు.

"అమ్మా, నీ పెనిమిటి కడుపులోంచి చిన్న ముక్క ఉంచుకుంటాను. ఎందుకు పోయాడో చూడాలి."

"సూసీసి ఏటి సేత్తావు? లేపుతావా?"

"లేపలేను తల్లీ. ఎందుకో తెలుస్తుంది."

"తెలిత్తే నాకు సెప్తావా?"

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నారు ఆవిడ.

రెండూ నేరేడుపళ్ళే. ఆవిడ వాటిని పళ్ళెంలో పెట్టి కోశారు. తర్వాత కొన్నాళ్ళు మైక్రోస్కోపు కింద చూసుకున్నారు. అనుమానం ఏమీ మిగల్లేదు. ఆ రసం బయటినుంచి ఎక్కించే ఇంజక్షన్ ఉంది. హైడ్రోకార్టిసోన్. ఉబ్బసం ఎక్కువైనవాళ్ళ కోసం మా వార్డు బీరువాలోనే ఉండేది.

ఇదంతా పైడమ్మకి చెప్తానంటే మా చీఫ్ తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. "మేడమ్, మీరు కనిపెట్టింది నిజమే కావచ్చు. కానీ ఆ అమ్మాయికి చెప్పి ఏం లాభం? మనిషి తిరిగి రాడు. బస్తీ అంతా వచ్చి నా వార్డు అద్దాలు పగలగొడుతుంది" అన్నారు.

"ఒట్టేశాను" అన్నారు ఆవిడ.

నేను కూడా వద్దన్నాను. ఆవిడ ఆదివారం పొద్దున్న రిక్షా పిలిపించి, "వస్తావా?" అని మాత్రం అడిగారు.

పైడమ్మ వాళ్ళిల్లు ఖర్కాయి నది ఒడ్డు బస్తీలో ఉంది. వాకిట్లో ఆడుకుంటున్న కూతురు మమ్మల్ని చూసి, "మా, డాక్టర్ లోగ్ ఆయే హై" అని కేక వేసింది. పైడమ్మ బయటికి వచ్చి మంచం వాల్చింది. మేడమ్ మంచం మీద కూర్చోలేదు. నేల మీదే కూర్చుని, దాచకుండా చెప్పారు. రెండు చిన్న గ్రంథులు, వాటికి తగిలిన దెబ్బ, అందులో నిండిన నెత్తురు, అందువల్ల పోయిన సత్తువ. ఆ అమ్మాయి శ్రద్ధగా వింది. మధ్యలో తలూపింది కూడా.

"దానికి మందు నేదేటి?" అంది చివరికి.

"ఉంది."

"మీ ఆస్పత్రిలో నేదేటి?"

"ఉంది."

"మరెందుకు ఎయ్యనేదు?"

"మాకు తెలీలేదమ్మా. ఇది అదేనని తెలుసుకోవడానికి దారి లేకపోయింది."

"ఎయ్యుంటే బతికీవోడా?"

నేను మేడమ్ వంక చూశాను. ఒక్క అబద్ధం ఆడతారని ఆశపడ్డాను.

"బతికేవాడేమో" అన్నారు ఆవిడ.

పైడమ్మ అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. కూతుర్ని లోపలికి పొమ్మని, తలుపు దగ్గరికి వేసి వచ్చి, మెల్లిగా అంది:

"ఇన్నాల్లూ దేవుడు తీసికెల్లిపోనాడనుకున్నాను. అలగనుకుంతే రాత్రిపూట కాసింత కునుకొచ్చీది. ఇప్పుడేటనుకోను సెప్పు. ఏటనుకుని తొంగోను?"

తిరుగు దారిలో రిక్షా వంతెన మీదికి వచ్చింది. కింద నది ఎండిపోయి, రాళ్ళ మధ్య పాయలుగా ఉంది.

"ఎందుకు పోయాడన్న ప్రశ్న నాదమ్మాయ్, ఆవిడది కాదు. నా ప్రశ్నకి జవాబు పట్టుకెళ్ళి ఆవిడ ఇంట్లో పడేసి వచ్చాను" అన్నారు.

బస్తీవాళ్ళెవరూ రాలేదు. మా వార్డు అద్దాలు పగలలేదు. పైడమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఒక్కతే మోసింది.

ఆ తర్వాత ఆవిడ ఇంటివాళ్ళని అడగడం మానలేదు. చెప్తానని మాట ఇవ్వడం మానేశారు. ఇంకొక మార్పు కూడా వచ్చింది. పొద్దున్నే కింద పని మొదలుపెట్టే ముందు మా వార్డుకి వచ్చి, దెబ్బలు తిన్నవాళ్ళ మంచాల దగ్గర ఒక్కొక్కచోటా నిలబడేవారు. నడుం పక్కన నొక్కి చూసేవారు. వాంతులున్నాయా, నీరసం ఎలా ఉంది, రక్తంలో ఉప్పులు చూశారా అని ప్రాణం తీసేవారు. శవాల గది డాక్టరు తమ మంచం దగ్గర నిలబడితే రోగులకి గుండె జారిపోయేది. ఒక ముసలాయన దుప్పటి మొహం మీదికి లాక్కుని, "అభీ నహీ, మేమ్ సాబ్, అభీ నహీ" అని, అప్పుడే వద్దని దండం పెట్టాడు.

"మీ పేషెంట్లు కింద ఉన్నారు మేడమ్" అన్నారు చీఫ్ ఒకరోజు చిరాగ్గా.

"వీళ్ళు అక్కడికి రాకుండా చూద్దామని వచ్చాను" అన్నారు ఆవిడ.

ఏడాది గడిచాక గోవింద్‌పూర్ నుంచి ఒక స్కూలు మాస్టార్ని తెచ్చారు. సైకిలు మీద వెళ్తుంటే లారీ కొట్టింది. అసిరయ్యలాగే కోలుకున్నాడు, అసిరయ్యలాగే నాలుగో రోజు వాంతులు చేసుకుని వాలిపోయాడు. లోపల ఎక్కడో మళ్ళీ నెత్తురు కారుతోందని, పొట్ట తిరిగి తెరవాలని చీఫ్ అన్నారు. మేడమ్ అడ్డుపడ్డారు. రక్తంలో సోడియం పడిపోయింది, పొటాషియం పెరిగింది, ఆ గ్రంథులు పనిచేయడం లేదనడానికి గుర్తులివి, హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూడండి అన్నారు.

"ఆ స్టెరాయిడ్ ఇస్తే కుట్లు మానవు. చీము పడుతుంది. రేపు వీడు చస్తే ఎవరిది పూచీ?"

"నాది."

"అయితే మీరే రాయండి."

బతికున్న రోగికి పాథాలజిస్టు మందు రాయడం నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ రాశారు. నేనే ఎక్కించాను. పొద్దుగూకేవేళకి మాస్టారి రక్తపోటు లేచింది. మర్నాడు లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తర్వాత నెలల తరబడి మాత్రలు మింగాడు, కానీ నడిచి ఇంటికి వెళ్ళాడు.

నేను సంబరంగా కిందికి పరుగెత్తాను. ఆవిడ బల్ల కడుగుతున్నారు. మొహంలో సంతోషం ఉంది గాని, మాట మాత్రం వేరుగా వచ్చింది.

"నాకు సంతోషమే. కానీ వాడి గ్రంథులు పాడయ్యాయని ఎలా రుజువు చేస్తాను? మీ చీఫ్ అన్నట్టు రక్తం ఎక్కించడం వల్లే లేచాడేమో. మనిషి బతికితే నా దగ్గర రుజువుండదు. రుజువుంటే మనిషి ఉండడు."

చివరికి అదే అయింది. ఆవిడ వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపింది. చనిపోయినవాళ్ళలో చూసిన నెత్తురు చావు ముంచుకొచ్చినప్పుడు చేరిందే కావచ్చు, మాస్టారు ఆ మందు వల్లే బతికాడనడానికి ఆధారం లేదు అని. "బతికినవాణ్ణి కోసి చూపించమంటారా?" అని నవ్వారు. కలకత్తాలో ఒక సభలో చదివే అవకాశం వచ్చింది. నేనూ వెళ్ళాను. ఆవిడ వంతు భోజనాల ముందు పడింది. స్లైడ్లు చూపిస్తుండగానే వెనక వరసలు లేచిపోయాయి. ముందు వరసలో ఒక ముసలి ప్రొఫెసరు మాత్రం చివరిదాకా విని, "చాలా శ్రద్ధగా చేశారమ్మా. కానీ బతికున్నప్పుడు పోల్చుకోలేని జబ్బు తెలిసి ఏం ఉపయోగం?" అని జాలిగా అడిగాడు. ఆవిడ స్లైడ్లు ఏరుకుని పెట్టెలో సర్దుకున్నారు. వచ్చేటప్పుడు రైల్లో మా ఊరి స్టేషను టాటానగర్ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజుల్లోనే నేనొక సలహా ఇచ్చాను. మాస్టారు బతికిన సంగతి పైడమ్మకి చెప్తే కాస్త ఊరటేమో, వాళ్ళాయన వల్లే కదా తెలిసింది అని.

"మళ్ళీ నా జవాబు ఆవిడ ఇంట్లో పెట్టి రమ్మంటావా?" అన్నారు. వెళ్ళలేదు.

ఆవిడ రిటైరవడానికి కొద్ది రోజుల ముందు, అప్పటికి ఎనభైల మధ్యకి వచ్చేశాం, ఆదిత్యపూర్‌లో కడుతున్న షెడ్డు కప్పు మీంచి పడ్డ ఒక యువకుణ్ణి తెచ్చారు. ఆపరేషన్ బల్ల మీదికి చేర్చేలోపే పోయాడు. శవంతోపాటు నేనూ కిందికి దిగాను. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళ మధ్య పైడమ్మ ఉంది. ముప్పై ఏళ్ళకే జుట్టు సగం నెరిసింది. పోయినవాడు ఆమె తమ్ముడు.

మేడమ్ ఎప్పటిలాగే వాళ్ళ పక్కన కూర్చోడానికి బయటికి వచ్చారు. ఆమెని చూశారు. గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు.

"అడగరా మేడమ్?" అన్నాను.

"ఈ కుర్రాణ్ణి వదిలేద్దాం."

ఆ గది గడప బయటివాళ్ళు ఎవరూ తొక్కరు. పైడమ్మ తొక్కింది. లోపలికి రెండడుగులు వేసి, తమ్ముడు ఉన్న వైపు చూడకుండా మేడమ్ వైపు చూసింది.

"ఏటమ్మా, ఈ పాలి అడగవేటి?"

"అప్పుడు నీకు చేసింది చాలు తల్లీ."

"సూడు. బాగా సూడు. ఎవులికైనా పనికొత్తాదంతే సూడు." ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "నాకు మాత్రం సెప్పకు. లోపల ఏటున్నా సరే, సెప్పకు. ఒట్టెయ్యి."

మేడమ్ ఒట్టేశారు.

కాలేయం వెనక పెద్ద సిర వేర్లతో సహా తెగిపోయింది. ఆ దెబ్బకి ఏ ఊళ్ళో ఏ సర్జనూ చేయగలిగింది లేదు. మూత్రపిండాల మీది గ్రంథులు రెండూ పచ్చగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆవిడ మళ్ళీ మళ్ళీ చూసుకుని, బట్ట కప్పారు.

"అమ్మాయ్, ఇతణ్ణి ఎవరూ ఆపలేకపోయేవారు కదూ?"

"ఎవరూ ఆపలేరు మేడమ్."

"ఈ ఒక్క మాట చెప్తే ఆవిడకి నిద్ర పడుతుంది."

"వెళ్ళి చెప్పండి మేడమ్."

చేతులు కడుక్కుని, తడి కూడా తుడుచుకోకుండా వరండాలోకి నడిచారు. అప్పటికి శవాన్ని బండిలోకి ఎక్కించేశారు. పైడమ్మ ఎక్కుతూ వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసింది. చూసి, చీరకొంగు రెండు చెవుల మీదుగా బిగించి లాక్కుని, తల దించుకుంది.

మేడమ్ మెట్టు మీదే ఆగిపోయారు. బండి కదిలింది. అది గేటు దాటి సాక్చీ రోడ్డు మీద మలుపు తిరిగేదాకా ఆవిడ నోరు తెరవలేదు.